ఉన్నవ లక్ష్మీనారాయణగారు: ఉన్నతవిద్యకు ఫలము

పెద్దచదువు చదివినవాడు ఎవరికి ఋణపడియుండును? పల్నాటి సీమలో ఈ ప్రశ్న నేటికిని పాతబడలేదు. దీనికి ప్రత్యుత్తరము ఉన్నవ లక్ష్మీనారాయణగారి జీవితమునందు కానవచ్చుచున్నది.

ఆయన 1877వ సంవత్సరమున గుంటూరుసీమలోని వేములూరుపాడు గ్రామమున జన్మించిరి. ఆ దినములలో మన జిల్లాల విద్యార్థులకు పట్టపరీక్షలకు చెన్నపురి విశ్వవిద్యాలయమే దిక్కు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో గాని వెలయలేదు. గుంటూరులో న్యాయవాదిగా నున్న లక్ష్మీనారాయణగారు 1913లో ఐర్లాండునకు వెడలి, డబ్లిన్ నగరమున చదివి బారిష్టరు పట్టముతో తిరిగివచ్చిరి. అట్టి పట్టము ధనార్జనకు రాజమార్గము. అయినను సహాయనిరాకరణోద్యమము రాగానే ఆయన ఆ మార్గమును విడనాడిరి.

అడవిలో పశువులు మేసినందుకు చెల్లింపవలసిన పుల్లరి పల్నాటి రైతులకు మోయరాని భారమయ్యెను. 1921లో ఆ రైతుల కష్టములను విచారించుటకై లక్ష్మీనారాయణగారు మాచెర్లకు వచ్చిరి. ప్రభుత్వమువారు ఆయనను కారాగారమునకు పంపిరి. ఆ పోరాటముననే 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను. చెరసాలలోనే లక్ష్మీనారాయణగారు "మాలపల్లి" నవలను రచించిరి. హరిజన కుటుంబమును కథకు నడుమ నిలిపిన ఆ గ్రంథమును చెన్నరాష్ట్ర ప్రభుత్వము నిషేధించెను.

ఆయన కృషి అంతటితో నాగలేదు. 1922లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు నాలుగేండ్లు ముందుగనే, ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారితో కలిసి గుంటూరులో శారదానికేతనమును స్థాపించిరి. అందు బాలికలకు భాషాసాహిత్యములతోపాటు చేతిపనులను గూడ నేర్పిరి. స్వభాషలో విద్య, స్వహస్తములతో జీవనము అనునవి యా సంస్థకు ఆధారములు. 1958లో ఆయన పరమపదించిరి.

నేడు పల్నాటికి కళాశాలల కొరత మునుపటివలె లేదు. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాయై నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. భూవసతి గలవారు బిడ్డలను దూరదేశములకును పంపుచున్నారు. పంపుట తప్పు కాదు. లక్ష్మీనారాయణగారును సముద్రము దాటినవారే. కాని వారు నేర్చిన న్యాయశాస్త్రము మాచెర్ల రైతు గడపకు చేరినది. ఒక సీమ తన సంపదను వెచ్చించి చదివించిన యువకుడు ఆ సీమ కష్టమును మరచినచో, ఆ చదువు వలన ఒక యింటికి లాభమేగాని దేశమునకు లాభము లేదు. కళాశాలలను పెంచువారును, బిడ్డలను చదివించువారును ఈ సత్యమును విస్మరింపరాదు.