క్షమాభిక్షకు పదవిని పణంగా పెట్టిన గవర్నర్ ఆల్ట్‌గెల్డ్

అమెరికాలోని ఇల్లినాయిస్ గవర్నర్ జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ 1893 జూన్ 26న ముగ్గురు ఖైదీలకు పూర్తి క్షమాభిక్ష ప్రసాదించారు. ఆయన రాజకీయ భవిష్యత్తును తలకిందులు చేసిన నిర్ణయమది.

శామ్యూల్ ఫీల్డెన్, ఆస్కార్ నీబే, మైకేల్ ష్వాబ్‌లు హేమార్కెట్ కేసులో శిక్ష అనుభవిస్తున్నవారు. ఎనిమిది గంటల పనిదినం కోసం సాగిన ఉద్యమ నేపథ్యంలో 1886 మే 4న షికాగోలో జరిగిన సభ వద్ద ఎవరో బాంబు విసిరారు. ఏడుగురు పోలీసులు మరణించారు. ఎనిమిది మందిని దోషులుగా తేల్చి, 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు. ఒకరు జైలులోనే ప్రాణం తీసుకున్నారు. మే డే చరిత్రలో ఈ ఘటనకు ప్రత్యేక స్థానం ఉంది. మన దేశంలో తొలి మే డేను 1923లో మద్రాసులో సింగారవేలు చెట్టియార్ నిర్వహించారు.

ఆల్ట్‌గెల్డ్ 1847 డిసెంబరు 30న జర్మన్ ప్రాంతమైన నసావులో జన్మించారు. నెలల పసికందుగా ఉండగానే తల్లిదండ్రులు ఒహాయోకు వలస వచ్చారు. పదహారేళ్లకే అంతర్యుద్ధంలో ఉత్తర సేనలో చేరారు. చదువు అంతంతమాత్రమే అయినా బడిపంతులుగా పనిచేసి, న్యాయశాస్త్రం నేర్చుకున్నారు. 1875లో షికాగో చేరి, స్థలాల వ్యాపారంలో సంపన్నుడయ్యారు. ధనికుడైనా ఆయన దృష్టి జైళ్లపై పడడం విశేషం. అవి పేదలతోనే నిండుతున్నాయని 1884లో పుస్తకమే రాశారు. తర్వాత న్యాయమూర్తిగా పనిచేసి, 1892 ఎన్నికల్లో గవర్నరయ్యారు. విదేశంలో పుట్టి ఆ పదవి పొందిన తొలి వ్యక్తి ఆయనే.

ఖైదీలపై దయ చూపాలని వేలాది మంది అప్పటికే విన్నవించుకున్నారు. శిక్ష చాలునని చెప్పి వదిలేసి ఉంటే పెద్ద దుమారం రేగేది కాదు. ఆల్ట్‌గెల్డ్ ఆ సులువైన దారి ఎంచుకోలేదు. జ్యూరీ ఎంపికే లోపభూయిష్టమని, బాంబు విసిరిందెవరో తేలనే లేదని, న్యాయమూర్తి పక్షపాతంతో వ్యవహరించారని సుదీర్ఘ పత్రంలో వివరించారు. అంటే, ఉరితీసిన నలుగురికీ న్యాయం జరగలేదన్నమాట. పత్రికలు ఆయనను అరాచకవాదిగా, పరదేశిగా దుమ్మెత్తిపోశాయి.

కర్మాగారాల తనిఖీ చట్టం తెచ్చి, ఫ్లోరెన్స్ కెల్లీ అనే మహిళను ప్రధాన తనిఖీ అధికారిగా నియమించిందీ ఆయన ప్రభుత్వమే. మహిళలకు ఎనిమిది గంటల పనిదినం కల్పించిన నిబంధనను మాత్రం రాష్ట్ర సుప్రీంకోర్టు 1895లో కొట్టివేసింది.

1894లో పుల్‌మన్ రైల్వే సమ్మె వేళ, గవర్నర్ కోరకుండానే అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ షికాగోకు కేంద్ర బలగాలను పంపారు. ఇద్దరిదీ డెమోక్రటిక్ పార్టీయే. అయినా రాష్ట్ర హక్కుల ఉల్లంఘనగా ఆల్ట్‌గెల్డ్ తీవ్ర నిరసన తెలిపారు. రెండేళ్లకు జరిగిన పార్టీ మహాసభలో క్లీవ్‌లాండ్ వర్గాన్ని పక్కకు నెట్టడంలో ఆయన పాత్ర కీలకం. విదేశంలో జన్మించినందున తానే అధ్యక్ష పదవికి పోటీ చేసే అర్హత ఆయనకు లేదు. అదే ఏడాది గవర్నర్‌గానూ ఓడిపోయారు. ఆస్తి కూడా హరించుకుపోయింది. 1899లో షికాగో మేయర్ పదవికి పోటీ చేసినా ఫలితం దక్కలేదు.

చివరి రోజుల్లో యువ న్యాయవాది క్లారెన్స్ డారో ఆయనను తన న్యాయవాద సంస్థలోకి ఆహ్వానించారు. దక్షిణాఫ్రికాలోని బోయర్లకు మద్దతుగా జోలియట్ పట్టణంలో ప్రసంగించిన ఆల్ట్‌గెల్డ్ అక్కడే కుప్పకూలి, 1902 మార్చి 12న మరణించారు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్లు. హేమార్కెట్ మృతుల స్మారకం వెనుక భాగంలో ఆయన క్షమాభిక్ష పత్రంలోని మాటలను చెక్కారు.