యంత్రవిద్యాకోవిదుడు శ్రీ జి. డి. నాయుడుగారు

విద్యార్థులారా! పుస్తకములు చదివి విద్య నార్జించువారు కొందరు. పనిచేసి విద్య నార్జించువారు మరికొందరు. ఈ రెండవ తెగకు జెందిన ప్రసిద్ధపురుషులలో నొకరి చరిత్రమును ఇచట సంగ్రహముగ వ్రాయుచున్నాము. ఆయన మన గోదావరీతీరమున బుట్టినవాడు కాడు. పూర్వము తెలుగుదేశమునుండి దక్షిణమునకు బోయి కోయంబత్తూరు ప్రాంతమున స్థిరపడిన తెలుగు రైతుకుటుంబములలో నొకదానియందు జన్మించెను. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము మాత్రము ఆయనను జి. డి. నాయుడుగారనియే యెరుగును.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపముననున్న కలంగల్ అను పల్లెయందు జన్మించిరి. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. బాలునకు బడి యనిన గిట్టకుండెను. కూర్చుండి వల్లెవేయుట ఆయన స్వభావమునకు సరిపడలేదు. అందుచేత చదువు ప్రాథమికతరగతులతోనే ఆగిపోయెను. కొంతకాలము తండ్రితోపాటు పొలము పనులు చేయుచు నుండెను. ఆ దశలో చూచినవారెవ్వరును ఈ బాలుడు ముందు గొప్పవాడగునని తలచియుండరు.

అట్లుండగా నొకనాడు ఒక ఆంగ్లేయాధికారి రడ్జి అను పేరుగల మోటారుసైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దు లేక, గుర్రము లేక, తనంత తాను పరుగెత్తు ఆ బండిని జూచి యువకుడు ఆశ్చర్యమగ్నుడయ్యెను. ఇతరులును ఆశ్చర్యపడిరి, కాని వారి ఆశ్చర్యము బండి కనుమరుగగుటతోనే ముగిసెను. ఈయన ఆశ్చర్యము మాత్రము ప్రశ్నగా మారెను. అది యెట్లు నడచును? దాని లోపల నేమి యున్నది? ఈ ప్రశ్న ఆయనను పల్లెనుండి పట్టణమునకు లాగికొనిపోయెను. కోయంబత్తూరులో నొక భోజనశాలలో వడ్డనపనికి కుదిరి, కూలిడబ్బులను కూడబెట్టి, తుద కాబండినే కొనెను.

కొనినవెంటనే దానినెక్కి ఊరేగుట ఆయన యభిమతము కాదు. దానిని విప్పెను. మరల బిగించెను. ఒక్కొక్క భాగము ఏ పనికై యున్నదో, ఏది దేనిని ద్రిప్పునో, ఏది లేకున్న ఏది యాగునో కన్నులతో జూచి, చేతులతో తాకి తెలిసికొనెను. గురువు లేడు, గ్రంథము లేదు. బండియే గురువు, బండియే గ్రంథము. ఈ విధముగ ఆయన మెకానిక్కుపనిలో నేర్పరియయ్యెను. విప్పుట యెవ్వరికైన సులభమే. విప్పిన దానిని ఒక్క మరయైన మిగులకుండ మరల గూర్చుటయందే విద్య కలదు.

పిమ్మట ఆయన ప్రత్తివ్యాపారమున బ్రవేశించి, బొంబాయి బజారులో ధనము పోగొట్టుకొనెను. అంతటితో దిగులుపడి కూర్చుండలేదు. కోయంబత్తూరున బ్రసిద్ధ పారిశ్రామికుడైన రాబర్టు స్టేన్సుగారి నాశ్రయించి, ఆయన సాయముతో నొక బస్సును కొని, 1920వ సంవత్సరమున పొల్లాచి, పళని పట్టణముల నడుమ నడుపసాగెను. ఆ దూరము ఇంచుమించు 40 మైళ్లు. మొదట తానే డ్రైవరై బండిని నడపెను. ఆ యొక్క బస్సునుండియే యూనివర్సల్ మోటారు సర్వీసు అను సంస్థ పెరిగి, కాలక్రమమున వందలకొలది బస్సులను నడుపునదై, వేళతప్పని రాకపోకలకు పేరొందెను.

బస్సు వేళతప్పక నడచుటకు డ్రైవరు మంచివాడైన జాలదు. షెడ్డులోని పని మంచిదై యుండవలెను. అట్టి పనులలో ముఖ్యమైన దొకటి అరిగిన క్లచ్చును మార్చుట. చదువరులలో యంత్రములందు కుతూహలముగల బాలురు పెక్కుమంది యుందురు గనుక, దీనిని కొంచెము వివరింతుము.

ఆత్రేయపురపు వారికి క్లచ్చు నెరిగించుటకు లొల్లలాకులకంటె మంచి దృష్టాంతము లేదు. పడవలు విరివిగా దిరిగిన దినములలో, ఎగువ కాలువనుండి దిగువ కాలువకు దిగవలసిన పడవను లాకు నడుమ నిలిపి, వెనుక తలుపులు మూసి, నీటిని మెల్లమెల్లగ విడిచెడివారు. రెండు మట్టములు సమానమైన పిదపనే ముందు తలుపులు తెరచెడివారు. ఒక్కపెట్టున తెరచినచో పడవ తలక్రిందులగును. మోటారుబండియందును ఇట్టి చిక్కే కలదు. ఇంజను వేగముగ దిరుగుచుండును, చక్రములు నిలిచియుండును. ఈ రెంటిని హఠాత్తుగ గలిపిన ఇంజను ఆగిపోవును, లేదా గేర్లు విరుగును. వాని వేగములను మెల్లగ సమానముచేసి కలుపునది క్లచ్చు.

ఇంజను వెనుకభాగమున ఫ్లైవీలు అను బరువైన చక్రముండును. దాని నానుకొని రెండువైపుల రాపిడిపూత గలిగిన క్లచ్చుప్లేటుండును. దానిని ఫ్లైవీలునకు అదిమిపట్టుటకు స్ప్రింగులతో గూడిన ప్రెషరుప్లేటుండును. డ్రైవరు పెడలును త్రొక్కినప్పుడు పట్టు వదలును. పాదము నెత్తినకొలది పట్టు బిగియును. ఆ నడిమి క్షణములలో ప్లేటు కొంత జారుచు, కొంత పట్టుకొనుచు నుండును. ఆ జారుటయందే పూత అరుగును. మోటారుబండ్ల తొలిదినములలో ప్లేటునకు మారుగా శంకువాకారముగల క్లచ్చులను తోలుతో కప్పి వాడెడివారు. అవి యింకను త్వరగ చెడెడివి.

అరిగిన క్లచ్చు తన స్థితిని తానే తెలుపును. మన సీమ సమతలమైనను, బరువుతో ఏటిగట్టు నెక్కునప్పుడు ఇంజను రొద హెచ్చును గాని బండి వేగము హెచ్చదు. మాడువాసన వచ్చును. తెలివిగల డ్రైవరు ఇవి గనిన తోడనే బండిని షెడ్డునకు జేర్చును. ఇంకొక ట్రిప్పు, ఇంకొక ట్రిప్పు అని జరుపుకొన్నచో, పూత పూర్తిగ నరిగి, దానిని పట్టియుంచు రివెట్లు ఫ్లైవీలుపై గీతలు గీయును. కొద్ది ఖర్చుతో పోవలసినది పెద్ద ఖర్చునకు దారితీయును.

మార్చుపని కొలది గంటలది గాని, ఓర్పుతో జేయదగినది. ముందుగ బ్యాటరీతీగను విడదీసి, బండిని దృఢముగ నెత్తి నిలిపి, ఇంజనుక్రింద నాధారముంచవలెను. అనేక బండ్లలో ప్రొపెల్లరుషాఫ్టును విడదీసి, గేరుబాక్సును వెనుకకు లాగి దింపవలెను. ప్రెషరుప్లేటు బోల్టులను ఒకదానిని పూర్తిగ విప్పి పిమ్మట వేరొకదానిని విప్పరాదు. ఎదురెదురుగ కొంచెము కొంచెముగ వదలుచేయవలెను. లేనిచో ప్లేటు వంకరపోవును. లోపలి ధూళిని నోటితో నూదరాదు. పూర్వపు పూతలలో ఆస్బెస్టాసు ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. ఫ్లైవీలు ముఖము గీతలుపడెనో, వేడికి నల్లబడెనో చూడవలెను. రిలీజుబేరింగును ప్లేటుతోపాటు మార్చుట మేలు. దానికొరకై మరల నింత పని చేయనేల? క్రొత్త ప్లేటును సరిగా మధ్యకు నిలుపుటకు ఒక కొలతకడ్డీ కావలెను. నడిమి తప్పినచో గేరుబాక్సుషాఫ్టు దూరదు. పూతకు నూనె గాని, గ్రీజుచేయి గాని తగులరాదు. బోల్టులను మరల ఎదురెదురుగ సమానముగ బిగించి, తుదకు పెడలునకు వలసినంత వదులుంచవలెను.

మహావేగముగల కార్లయందు ఈ పని యింకను జాగ్రత్త కోరును. వాని యింజనుల త్రిప్పుబలము మెండు. అందుచే స్ప్రింగులు గట్టివి. కొన్నింటిలో ప్లేట్లు ఒకటికంటె నెక్కువ. క్రొత్త ప్లేటు వేసినవెంటనే పరుగుపందెమునకు దీసినచో పూత మాడిపోవును. కొంతదూరము నెమ్మదిగ నడపి, పూత ఫ్లైవీలుతో చక్కగ నొదుగనీయవలెను. బలమెంత యెక్కువయైన ఓర్పు అంత యెక్కువ కావలెననుట ఇందలి నీతి.

ఇక నాయుడుగారి చరిత్రమునకు వత్తము. ఆయన బుద్ధి మోటారుషెడ్డులోనే యాగలేదు. ఐరోపాఖండమున పర్యటించి, అచటి యంత్రశాలలను జూచి వచ్చెను. 1936వ సంవత్సరమున లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమేరాతో చిత్రించెను. చిన్న మోటారుతో, టార్చిబ్యాటరీలతో నడచు క్షౌరయంత్రమును నిర్మించెను. 1937వ సంవత్సరమున కోయంబత్తూరు చెంత పీలమేడులో, డి. బాలసుందరము నాయుడుగారితో గలసి, భారతదేశమున దయారైన మొదటి విద్యుత్ మోటారును వెలువరించెను. అది వరకు అట్టివి విదేశములనుండియే రావలసియుండెను. 1952వ సంవత్సరమున ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలుకారును 2,000 రూపాయలకు అందించునట్లు సిద్ధపరచెను. కాని ప్రభుత్వపు అనుమతి లభింపకపోవుటచే ఆ ప్రయత్నము సాగలేదు.

ఆయన చరిత్రమున మిక్కిలి ఆలోచింపదగిన ఘట్టము వేరొకటి కలదు. బడి విడిచిన ఈ పురుషుడే 1945వ సంవత్సరమున ఆర్థరు హోపు పేర పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పుటకు కారకుడయ్యెను. కొంతకాలము ప్రిన్సిపాలుగ గూడ నుండెను. అదియే తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగ బరిణమించెను. నాలుగేండ్ల చదువు కాలవ్యయమనియు, చేతిపనితో గూర్చి నేర్పిన రెండేండ్లు చాలుననియు ఆయన యభిప్రాయము. ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. ఆయన ఆ పదవిని విడిచెను.

ఇందు ఎవరి పక్షము న్యాయమైనది? తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఆలోచింపవలసిన ప్రశ్న యిది. గణితము రానివాడు స్ప్రింగు బలమును లెక్కింపలేడు. స్పానరు పట్టనివాడు దానిని బిగింపలేడు. నాయుడుగారు బడి మానుటచే గొప్పవాడు కాలేదు; నేర్చుట మానకపోవుటచే గొప్పవాడయ్యెను. బడి మానిన బాలురు ప్రతి యూరను గలరు. తామార్జించిన కూలి యంతయు ఒక యంత్రమును తెలిసికొనుటకై వ్యయపెట్టినవారు ఎందరు? కాబట్టి చదువుపై విసుగుపుట్టిన బాలుడెవ్వడును ఈయన పేరు చెప్పి తప్పించుకొనరాదు. అట్లే, నూనెమరకలతో ఇంటికి వచ్చు కుమారునిజూచి ఏ తండ్రియు సిగ్గుపడరాదు. చేతిపని నీచమనుకొను తలపు మనలో నింకను చావలేదు. పరీక్షలో నెగ్గినవానికి పూలదండ వేయుదుము. ఆగిన బండిని నడిపించిన వానికి కూలి యిచ్చి పంపుదుము. ఈ భేదము మాయవలెను.

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన బరలోకగతులైరి. ఆయన పేర కోయంబత్తూరున 2015వ సంవత్సరమున నొక కార్ల ప్రదర్శనశాల తెరువబడెను. మోటారుబండి యెట్లు పుట్టి యెట్లు పెరిగినదో అచట గాంచవచ్చును.

మన యూర పూతరేకులు చేయు స్త్రీలను గమనింపుడు. కాలిన కుండపై తడిబట్టను పరచి, రెప్పపాటులో పలుచని రేకును దీయుదురు. క్షణము ముందైన చిరుగును. క్షణము తరువాతనైన మాడును. ఆ నేర్పు ఏ పుస్తకమునను లేదు. ఎన్నో రేకులు పాడైన పిదప చేతికి వచ్చినది. క్లచ్చుపెడలుపై మంచి డ్రైవరు పాదమునకును, బోల్టుపై మంచి మెకానిక్కు చేతికిని ఉండునది ఆ నేర్పే. దానిని గౌరవించి, దానికి శాస్త్రజ్ఞానమును జతపరచిన బాలబాలికలు మన సీమనుండియు బయలుదేరుదురు గాక!