వెనక్కి వాలిన రెక్క: డొనాల్డ్ డగ్లస్ కథ

ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల నమూనాలు తయారుచేసే సరదా మీలో కొందరికి ఉండే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులనూ సరుకులనూ మోసిన డకోటా విమానాన్ని 72వ వంతు కొలతలో చేస్తే మనం చదువుకునే బల్ల మీద హాయిగా సరిపోతుంది. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 29.1 మీటర్లు. దాన్ని 72తో భాగిస్తే 40 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. పొడవు సుమారు 19.4 మీటర్లు. నమూనాలో అది 27 సెంటీమీటర్లు అవుతుంది.

రెక్కలు అతికించేటప్పుడు జాగ్రత్తగా చూడండి. ఇంజను ఉన్న చోటి దాకా రెక్క ముందు అంచు తిన్నగా ఉంటుంది. ఇంజను దాటగానే ఆ అంచు వెనక్కి వాలిపోతుంది. వెనక అంచు మాత్రం దాదాపు తిన్నగానే ఉంటుంది. జెట్ విమానాల రెక్కలు వెనక్కి వాలి ఉండేది వేగం కోసమని మనకు తెలుసు. డకోటా అంత వేగంగా పోయే విమానం కాదు. మరి దాని రెక్క ఎందుకు వాలింది?

దీనికి జవాబు ఇంకొక చిన్న నమూనాలో ఉంది. ఆ నమూనా చెప్పిన మాట విన్న మనిషి పేరు డొనాల్డ్ డగ్లస్.

డొనాల్డ్ 1892 ఏప్రిల్ 6న అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. అతనికి పదకొండేళ్ళప్పుడు రైట్ సోదరులు మొదటిసారి విమానం ఎగరేశారు. కొన్నేళ్ళకు వాళ్ళు తమ విమానాన్ని సైన్యానికి చూపించడానికి వాషింగ్టన్ దగ్గరి ఫోర్ట్ మయర్‌కు తెచ్చారు. డొనాల్డ్ తల్లిని ఒప్పించి అక్కడికి వెళ్ళాడు. కర్రలూ గుడ్డా తీగలతో కట్టిన ఆ యంత్రం నేల విడిచి లేవడం కళ్ళారా చూశాడు. ఆ రోజు నుంచి అతని మనసు విమానాల మీద నుంచి మళ్ళలేదు.

అయినా 1909లో అతను చేరింది అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో. నావికుడు కావలసిన ఆ విద్యార్థి ఖాళీ దొరికితే చాలు, హాస్టల్ గదిలో కూర్చుని విమానాల నమూనాలు చేసేవాడు. వాటిని అకాడమీ ఆయుధశాలలోని విశాలమైన హాలులో ఎగరేసి చూసేవాడు. చివరికి 1912లో, చదువు పూర్తి కాకుండానే, అకాడమీ వదిలేశాడు. నౌకాదళ అధికారి ఉద్యోగమంటే భద్రమైన జీవితం. విమానాల పరిశ్రమ అనేది అప్పటికి ఇంకా సరిగ్గా పుట్టనే లేదు. ఉద్యోగం కోసం అడిగితే విమానాలు కట్టేవాళ్ళు కూడా లేదు పొమ్మన్నారు.

డొనాల్డ్ మళ్ళీ చదువులో పడ్డాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నాలుగేళ్ళ మెకానికల్ ఇంజనీరింగ్ చదువును రెండేళ్ళలో ముగించి 1914లో పట్టా పుచ్చుకున్నాడు. తరువాత అక్కడే సహాయకుడిగా ఉండి విండ్ టన్నెల్ పని నేర్చుకున్నాడు. విండ్ టన్నెల్ అంటే గాలి సొరంగం. అందులో విమానం కదలదు, గాలి కదులుతుంది. చిన్న నమూనాను కడ్డీల మీద నిలబెట్టి, దాని మీదికి గాలిని తోలి, ఆ గాలి నమూనాను ఎంత పైకి లేపుతోందో, ఎంత వెనక్కి నెడుతోందో కొలుస్తారు. హాస్టల్ గదిలో మొదలైన ఆట ఇక్కడ లెక్కలున్న శాస్త్రమైంది.

ఆ తరువాత ఆయన జీవితం మన ఇళ్ళలో బదిలీల జీవితంలాగే సాగింది. 1915లో కనెక్టికట్‌లో గాలి ఓడలు తయారుచేసే కంపెనీలో చేరారు. అదే ఏడాది కాలిఫోర్నియాకు వెళ్ళి గ్లెన్ మార్టిన్ కంపెనీలో చీఫ్ ఇంజనీరు అయ్యారు. అప్పటికి ఆయన వయసు 23. తరువాత సైన్యం వైమానిక విభాగంలో పౌర ఇంజనీరుగా వాషింగ్టన్, అక్కడి నుంచి మళ్ళీ మార్టిన్ కంపెనీకి, ఈసారి క్లీవ్‌లాండ్ ఊరికి. 1920లో ఆ ఉద్యోగమూ వదిలి, భార్యాపిల్లలతో తిరిగి కాలిఫోర్నియా చేరారు. సొంతంగా విమానాలు కట్టాలన్నది ఆయన కోరిక. చేతిలో సొమ్ము మాత్రం అంతంత మాత్రం. లాస్ ఏంజెలెస్‌లో ఒక క్షౌరశాల వెనక గదిలో ఆయన ఆఫీసు తెరిచారు.

డేవిడ్ డేవిస్ అనే ధనికుడు 40,000 డాలర్లు పెట్టుబడి పెట్టాడు. అమెరికా ఖండాన్ని ఒక కొస నుంచి మరో కొసకు ఆగకుండా దాటే విమానం కావాలన్నది అతని ముచ్చట. అలా 1921లో క్లౌడ్‌స్టర్ తయారైంది. తన బరువు కంటే ఎక్కువ బరువును మోయగలిగిన మొదటి విమానంగా దానికి పేరు. కానీ ఖండం దాటబోయి టెక్సస్‌లో ఇంజను చెడి దిగిపోయింది. డేవిస్ ఉత్సాహం చల్లారి తప్పుకున్నాడు. డగ్లస్ మాత్రం నౌకాదళం నుంచి ఆర్డరు సంపాదించి నిలదొక్కుకున్నారు.

1924లో ఆయన కట్టిన నాలుగు విమానాలు భూమిని చుట్టి రావడానికి సియాటిల్ నుంచి బయలుదేరాయి. బయలుదేరిన రోజు ఏప్రిల్ 6, అంటే డగ్లస్ పుట్టినరోజు. దారిలో ఆ విమానాలు మన దేశానికీ వచ్చాయి. కలకత్తాలో, నీళ్ళ మీద దిగడానికి కట్టిన తేలుడు పడవలు విప్పేసి చక్రాలు బిగించారు. అక్కడి నుంచి అలహాబాద్, అంబాలా, ముల్తాన్ మీదుగా కరాచీ వెళ్ళాయి. నాలుగింటిలో రెండు 175 రోజుల్లో చుట్టు పూర్తి చేశాయి. భూప్రదక్షిణ చేసిన మొదటి విమానాలు అవే.

ఇక మన నమూనా రెక్క దగ్గరికి వద్దాం.

1931లో అమెరికాలో ఒక ప్రయాణికుల విమానం కూలింది. అందులో ఒక ప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు చనిపోవడంతో దేశమంతా కలవరపడింది. ఆ విమానం రెక్క చెక్కతో చేసింది. చెక్క రెక్కల మీద జనానికి నమ్మకం పోయింది. 1932 ఆగస్టు 2న టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థ నుంచి డగ్లస్‌కు ఒక ఉత్తరం వచ్చింది. పూర్తిగా లోహంతో, మూడు ఇంజన్లతో విమానం కావాలని అందులో ఉంది. ఎంత ఎత్తున ఉన్న విమానాశ్రయంలోనైనా, నిండు బరువుతో లేస్తుండగా ఒక ఇంజను ఆగిపోయినా విమానం క్షేమంగా పైకి లేవగలగాలనేది అన్నిటికంటే కష్టమైన షరతు. అదే నెలలో లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. పడవ పందేల్లో డగ్లస్ జట్టుకు వెండి పతకం వచ్చింది. కానీ ఆ ఆగస్టులో ఆయన అసలు పరీక్ష ఆ ఉత్తరమే.

దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది. ఎందరికో పనులు లేవు. ఈ విమానం విఫలమైతే కంపెనీ తలుపులు మూతపడేవి. డగ్లస్, ఆయన ఇంజనీర్లు ఆలోచించి, మూడు కాదు, రెండు ఇంజన్లతోనే ఆ పని చేస్తామని బదులు చెప్పారు. ఇంజనీరు ఆర్థర్ రేమండ్ లెక్కలు వేసి, అది సాధ్యమేనని తేల్చారు.

కానీ కాగితం మీది లెక్కకు గాలి ఒప్పుకోవాలి కదా! అందుకని విమానానికి చిన్న నమూనా తయారుచేసి పాసడీనాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విండ్ టన్నెల్‌లో పెట్టారు. నమూనా ఒక చేదు నిజం చెప్పింది. విమానం డిజైను సాగుతున్న కొద్దీ బరువు పెరిగి, భారకేంద్రం వెనక్కి జరిగింది. రెక్క ఎత్తే బలం మాత్రం ముందు చోటే ఉండిపోయింది. అలా కడితే విమానం గాలిలో నిలకడగా ఉండదు. స్కేలును వేలి మీద నిలబెట్టి చూడండి. వేలు సరైన చోట లేకపోతే ఏమవుతుందో తెలుస్తుంది.

రెక్క మొత్తాన్ని వెనక్కి జరపాలంటే గీసిన బొమ్మలన్నీ మార్చాలి. దానికి సమయం లేదు, డబ్బూ లేదు. అందుకని మధ్య భాగాన్ని అలాగే ఉంచి, ఇంజన్ల అవతల ఉన్న రెండు ముక్కలనూ వెనక్కి వంచారు. ఎత్తే బలం కూడా వెనక్కి జరిగి, భారకేంద్రంతో సరిపోయింది. మన బల్ల మీది డకోటా రెక్క వాలి ఉండటానికి కారణం ఇదే. అందం కోసమూ కాదు, వేగం కోసమూ కాదు, అది ఒక తప్పును దిద్దిన గుర్తు. రెక్క విమానం ఒంటిని కలిసే చోట మనం పుట్టీ పెట్టి నునుపు చేసే వంపు కూడా ఆ విండ్ టన్నెల్‌లో నేర్చిన పాఠమే. ఆ వంపు లేకపోతే అక్కడ గాలి చెదిరిపోయి తోకను కుదుపుతుంది.

ఆ విమానం పేరు డీసీ-1. 1933 జులై 1న శాంటా మోనికాలో మొదటిసారి లేచింది. ముక్కు పైకెత్తగానే ఇంజన్లు ఆగిపోసాగాయి. ముక్కు దించితే మళ్ళీ పనిచేశాయి. పైలట్ కార్ల్ కవర్ కొంచెం కొంచెంగా ఎత్తు సంపాదించి, చుట్టు తిరిగి క్షేమంగా దించారు. కార్బ్యురేటర్లలో ఇంధనాన్ని అదుపు చేసే భాగాలను వెనకా ముందూ చేసి బిగించడమే కారణమని తరువాత తేలింది. అదే ఏడాది సెప్టెంబరులో, సముద్రమట్టానికి ఎంతో ఎత్తున ఉన్న విన్స్‌లో విమానాశ్రయం నుంచి లేస్తుండగా కావాలని ఒక ఇంజను ఆపేశారు. విమానం మిగిలిన ఒక్క ఇంజనుతోనే కొండల మీదుగా ఆల్బకర్కీ చేరింది. షరతు నెగ్గింది.

డీసీ-2 తరువాత, పడకలున్న పెద్ద విమానం కావాలని అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి అడిగినప్పుడు, అంత ఖర్చు గిట్టదని డగ్లస్ వెనకాడారు. అతను ఫోనులో చాలాసేపు నచ్చజెప్పాకే ఒప్పుకున్నారు. డగ్లస్ వద్దనుకున్న ఆ విమానమే డీసీ-3. రైట్ సోదరులు మొదట ఎగిరిన రోజుకు సరిగ్గా 32 ఏళ్ళకు, 1935 డిసెంబరు 17న అది గాలిలోకి లేచింది.

యుద్ధం వచ్చాక డీసీ-3 నేలను గట్టిపరిచి, ఎడమవైపు పెద్ద తలుపులు పెట్టి సైనిక రవాణా విమానంగా మార్చారు. అమెరికా సైన్యం దాన్ని సీ-47 అంది. బ్రిటిష్‌వాళ్ళు డకోటా అన్నారు. మీ నమూనాలో ఎడమవైపు జంట తలుపులుంటే అది యుద్ధకాలపు విమానమని గుర్తుపట్టవచ్చు. డగ్లస్ కర్మాగారాల్లో ఈ కుటుంబపు విమానాలు 10,000కు పైగా తయారయ్యాయి. వాటిని కట్టిన చేతుల్లో వేలాది మహిళల చేతులున్నాయి. అసోంలోని దిన్‌జాన్, చబువా నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన విమానాల్లో ఇవీ ఉన్నాయి.

వాలిన రెక్క ముక్కలు మధ్య భాగానికి బోల్టులతో బిగించి ఉంటాయి. అది ఒకసారి విచిత్రంగా పనికొచ్చింది. 1941లో చైనాలో నేల మీదున్న ఒక డీసీ-3 కుడి రెక్క బాంబు దాడిలో పాడైంది. వేరే రెక్క దొరకక, డీసీ-2 రెక్కను ఇంకో విమానం కింద కట్టి తీసుకువచ్చి బిగించారు. కుడి రెక్క ఎడమ రెక్క కంటే పొట్టిగా ఉన్నా ఆ విమానం హాంకాంగ్ దాకా ఎగిరిపోయింది!

యుద్ధం ముగిశాక డకోటాలకూ బదిలీలయ్యాయి. హైదరాబాదు బేగంపేట నుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఇవే. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగర్‌లో దించినవి ఇవే. 1948 మేలో ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్, సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్‌లో ఇసుక నేల మీద దించింది కూడా డకోటానే. ఆ నెంబర్లలో ఒకటైన వీపీ 905ను రాసుకున్న డకోటా ఇప్పుడు పరశురామ అనే పేరుతో మన వాయుసేన దగ్గర ఉంది.

డగ్లస్ కంపెనీ తరువాత జెట్ విమానాలూ కట్టింది. కానీ ఆర్డర్లు ఎక్కువై, డబ్బు చాలక, 1967లో మెక్‌డానెల్ కంపెనీలో కలిసిపోయింది. డగ్లస్ గౌరవాధ్యక్షుడిగా మిగిలారు. 1981 ఫిబ్రవరి 1న, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మిత్రులారా, డగ్లస్ తప్పులు చేయని మనిషి కాదు. ఆయన మొదటి పెద్ద విమానం దారిలో ఆగిపోయింది. డీసీ-3ని ఆయనే వద్దనుకున్నారు. కానీ చిన్న నమూనా తప్పు చూపించినప్పుడు దాని మీద కోపం తెచ్చుకోలేదు, దాచిపెట్టలేదు, దిద్దుకున్నారు. ఆ దిద్దుబాటు 10,000 విమానాల రెక్కల మీద అందరికీ కనిపించేలా ఉండిపోయింది. ఈసారి నమూనా అతికించేటప్పుడు రెక్క ముక్క వంకరగా ఉందని పారేయకండి. అది అలాగే ఉండాలి.