రెండు కచేరీల నాగయ్య

తెలుగులో కచేరి అనే మాటకు రెండర్థాలున్నాయి. ప్రభుత్వ కార్యాలయం ఒకటి, సంగీత సభ మరొకటి. యౌవనంలో ఈ రెండింటి నడుమ నలిగి, చివరకు రెండవదానినే వరించిన కళాతపస్వి చిత్తూరు నాగయ్య.

ఉప్పలదడియం నాగయ్య 1904 మార్చి 28న రేపల్లెలో జన్మించారు. ఆ పట్టణం నేడు బాపట్ల జిల్లాలో ఉంది. బాల్యంలోనే ఆయన చిత్తూరు సీమలోని కుప్పానికి చేరారు. కుప్పం, రామకుప్పం ప్రాంతం తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే చోటు. మూడు భాషల పలుకుబడి వీనులకు సోకే ఆ నేలపై పెరిగిన నాగయ్య, తరువాతి కాలంలో తమిళ చిత్రాలలోనూ మన్ననలందుకున్నారు.

చదువు ముగిసిన పిమ్మట ఆయన చిత్తూరులో ప్రభుత్వ కార్యాలయ గుమాస్తాగా చేరారు. ఆ రోజులలో సర్కారు కొలువంటే నెలనెలా జీతం, సంఘంలో గౌరవం. నాటకాల వారికి ఆ భరోసా లేదు. అయినను నాగయ్య మనస్సు రంగస్థలం మీదనే నిలిచింది. ఆనాటి పద్యనాటకాలు పొద్దుపోయిన తరువాత మొదలై తెల్లవారుజాము దాకా సాగేవి. మరునాడు ఉద్యోగి యథావిధిగా కచేరీకి హాజరు కావలసిందే. పురుషులే స్త్రీ పాత్రలు ధరించే ఆ కాలంలో, రామవిలాస సభ వారి సారంగధర నాటకంలో ఆయన చిత్రాంగి పాత్రను ధరించి మెప్పించారు. అప్పటినుండి ఊరిపేరు ఆయన పేరులో భాగమైపోయింది.

గుమాస్తా పనిని వీడి, ఆయన ఆంధ్రపత్రికలో పాత్రికేయులుగా పనిచేశారు. గాంధీజీ పిలుపునకు స్పందించి ఉప్పు సత్యాగ్రహ ఉద్యమంలో పాలుపంచుకున్నారు.

1938లో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన గృహలక్ష్మితో ఆయన చిత్రరంగంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది నాలుగేండ్లు. కొత్త నగరమైన మద్రాసులో ఆ వయస్సున జీవితాన్ని మరల మొదలుపెట్టడం సాహసమే. నటులు తమ పాటలు తామే పాడుకోవలసిన ఆ కాలంలో, రంగస్థలం ప్రసాదించిన గాత్రమే ఆయనకు పెట్టుబడి అయింది. మరుసటి ఏడు బి.ఎన్.రెడ్డి తీసిన వందేమాతరంలో నటించడమేగాక సంగీతాన్నీ సమకూర్చారు. కె.వి.రెడ్డి తొలి చిత్రం భక్త పోతనలో పోతనగా తెలుగువారి హృదయాలలో నిలిచారు. 1946లో త్యాగయ్య చిత్రాన్ని స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, ప్రధాన పాత్ర పోషించారు. 1947లో వచ్చిన యోగి వేమన ఆయన నటనకు మరొక నిదర్శనం.

ఆయన ఆర్జన ఎంతటిదో ఔదార్యమూ అంతటిది. ఆయన ఇంట అతిథులకు, ఆర్తులకు తలుపులు ఎల్లవేళలా తెరచియే ఉండేవి. ఒకనాటి గుమాస్తా తన సొంత జమాఖర్చులను మాత్రం సరిచూసుకోలేకపోయారు. 1964లో తీసిన రామదాసు చిత్రం నష్టాన్నే మిగిల్చింది. 1965లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించినను, చివరి దినాలలో లేమి ఆయనను వీడలేదు. జీవనార్థం చిన్న చిన్న పాత్రలను సైతం అంగీకరించవలసి వచ్చింది. 1973 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు.

కొలువును వీడినందున నాగయ్య భద్రతను కోల్పోయిన మాట నిజమే. తెలుగు తెర మాత్రం ఒక పోతనను, ఒక త్యాగయ్యను, ఒక వేమనను పొందింది. అభిరుచికి, జీవికకు మధ్య నిలిచే ప్రతి యువకునికీ, యువతికీ ఆయన జీవితం రెండు పాఠాలు చెబుతుంది. కళను సాధించడానికి తెగువ కావాలి. సాధించినదానిని నిలుపుకొనడానికి ముందుచూపూ కావాలి.