ఆల్ఫ్రెడ్ వెర్నర్

ఆల్ఫ్రెడ్ వెర్నర్ (డిసెంబరు 12, 1866 - నవంబరు 15, 1919) స్విట్జర్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త. ఇతడు ఫ్రాన్సులోని మ్యూలూజ్ పట్టణంలో జన్మించాడు. 1890లో జ్యూరిక్‌లో డాక్టరేటు పొంది, తరువాత అక్కడి విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడయ్యాడు.

అయాన్ల ఆకృతి

1893లో ఇతడు సమన్వయ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దీని ప్రకారం కోబాల్టు సంక్లిష్ట అయాన్లలో లోహం చుట్టూ ఆరు సమూహాలు అష్టముఖి ఆరు మూలల్లో అమరి ఉంటాయి. అమ్మోనియా అణువులు గొలుసులుగా ఉంటాయని వాదించిన డెన్మార్కు శాస్త్రవేత్త యోర్గెన్సెన్ దీనిని అంగీకరించలేదు. ఎక్స్-కిరణాలతో అణు నిర్మాణాన్ని తెలుసుకొనే పద్ధతి అప్పటికి లేదు. అందుచేత వెర్నర్ సాదృశ్యకాలను, అనగా ఒకే సంఘటనం గల వేర్వేరు రూపాలను లెక్కించాడు. నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరిన్‌లు గల కోబాల్టు అయాను చదునైన షడ్భుజి అయినా, త్రిభుజాకార పట్టకం అయినా మూడు సాదృశ్యకాలు ఉండాలి. అష్టముఖి అయితే రెండే ఉండాలి. వాటిలో ఆకుపచ్చ రూపం అప్పటికే తెలుసు. ఊదారంగు రూపాన్ని వెర్నర్ 1907లో తయారుచేయగా యోర్గెన్సెన్ తన వాదనను విరమించుకున్నాడు.

మూడవ రూపం దొరకకపోవడం పూర్తి రుజువు కాదు. అందువల్ల వెర్నర్ 1911లో అష్టముఖి ఆకృతికి మాత్రమే సాధ్యమైన, దర్పణ ప్రతిబింబాల వంటి కోబాల్టు అయాన్ల జంటను వేరుచేశాడు. 1913లో ఇతనికి నోబెల్ బహుమతి లభించింది. 52వ ఏట జ్యూరిక్‌లో మరణించాడు.