వంటింటికి కొలతలు చెప్పిన లిలియన్

వంట పూర్తయ్యేసరికి నడుము పట్టేస్తుంది. భుజాలు లాగేస్తాయి. వయసు మీద పడుతోందనో, ఒంట్లో సత్తువ తగ్గిందనో సరిపెట్టుకుంటాం. స్టవ్ పెట్టిన గట్టు మన ఎత్తుకు సరిపోతుందా అని మాత్రం ఆలోచించం. ఆ ప్రశ్న వేసుకుని, జవాబు కోసం వేలమంది గృహిణులను అడిగి తెలుసుకున్న మహిళ అమెరికాకు చెందిన లిలియన్ మోలర్ గిల్‌బ్రెత్. పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి. డాక్టరేట్ చేసిన విదుషి. ఇంజినీరింగ్ విద్యార్థులకు ప్రొఫెసర్. తమాషా ఏమిటంటే, ఆమెకు వంట అంతంతమాత్రమే!

నోరు విప్పని పిల్ల

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1878 మే 24న లిలియన్ పుట్టారు. కలిగిన కుటుంబం. ఇంటికి పెద్దపిల్ల కావడంతో తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునే బాధ్యత చిన్నప్పుడే మీద పడింది. మహా సిగ్గరి. తొమ్మిదేళ్లు వచ్చేదాకా చదువంతా ఇంట్లోనే. ఆడపిల్లకు కాలేజీ చదువెందుకన్నది తండ్రి అభిప్రాయం. ఆయన్ని ఎలాగో ఒప్పించి, రోజూ ఇంటి నుంచే బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లివస్తూ 1900లో డిగ్రీ పూర్తిచేశారు. ఆ ఏడాది స్నాతకోత్సవంలో ప్రసంగించే అవకాశం ఆమెకు దక్కింది. అక్కడ ఆ గౌరవం ఒక అమ్మాయికి దక్కడం అదే మొదటిసారి. నలుగురిలో నోరు విప్పని పిల్ల అంతమంది ముందు నిలబడి మాట్లాడింది!

1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌తో పెళ్లయింది. ఆయన కాలేజీ మొహం చూసినవాడు కాదు. తాపీపనితో మొదలుపెట్టి కాంట్రాక్టరు స్థాయికి ఎదిగినవాడు. తాపీమేస్త్రి ఒక్కో ఇటుక కోసం నేల మీదికి వంగి లేవడం ఆయన గమనించాడు. ఇటుకలు నడుము ఎత్తులో చేతికి అందేలా పరంజా తయారుచేశాడు. ఒక్క ఇటుక పెట్టడానికి 18 కదలికలు పట్టేది, నాలుగైదుకు తగ్గిపోయింది. పని పెరిగింది, అలుపు తగ్గింది. భార్యాభర్తలిద్దరూ దీన్నే వృత్తిగా చేసుకున్నారు. ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికలను మూవీ కెమెరాతో తీసి, ఎక్కడ శ్రమ వృథా అవుతోందో పట్టి చూపించేవారు. పనిచేసే మనిషి మనసు, అలసట... ఈ రెండింటినీ లెక్కలోకి తెచ్చింది లిలియనే.

1914లో ఆమె రాసిన మేనేజ్‌మెంట్ మనస్తత్వశాస్త్రం పుస్తకం అచ్చయింది. అయితే రచయిత పేరు ఎల్.ఎం. గిల్‌బ్రెత్ అని పొడి అక్షరాలతోనే వేశారు. రాసింది ఆడమనిషి అని తెలిస్తే కొనరేమోనని ప్రచురణకర్తల భయం! మరుసటి ఏడాది బ్రౌన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. అప్పటికే ఇంటినిండా పిల్లలు. 1912లో ఒక పాప డిఫ్తీరియాతో కన్నుమూసింది. మిగిలిన పదకొండుమందీ పెరిగి పెద్దవాళ్లయ్యారు.

ఒక్కరోజులో తలకిందులైన బతుకు

1924 జూన్ 14. యూరప్ ప్రయాణానికి సిద్ధమవుతున్న ఫ్రాంక్, న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ రైల్వేస్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తూ గుండెపోటుతో కుప్పకూలిపోయాడు. అప్పటికి పెద్దకూతురికి పద్దెనిమిదేళ్లు, చివరి పాపకు దాదాపు రెండేళ్లు. లిలియన్ వయసు నలభై ఆరు. ఏడుస్తూ కూర్చునే తీరిక కూడా లేదామెకు. కొద్దిరోజులకే ఓడెక్కి, భర్త వెళ్లాల్సిన లండన్, ప్రాగ్ సదస్సులకు తానే వెళ్లివచ్చారు.

తిరిగొచ్చేసరికి అసలు కష్టం ఎదురుచూస్తోంది. భర్త ఉన్నన్నాళ్లూ పని ఇచ్చిన కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఫ్యాక్టరీలో మగవాళ్లకు ఒక ఆడమనిషి సలహాలు చెప్పడమేమిటన్నది వాళ్ల లెక్క. ఇరవై ఏళ్ల అనుభవం, డాక్టరేట్... ఏవీ అక్కరకు రాలేదు. పదకొండుమంది పిల్లల తిండీ, చదువులూ ఎలా? ఇంట్లోనే శిక్షణ తరగతులు పెట్టారు. మేసీస్ అనే పెద్ద దుకాణంలో గుమస్తాల పని తీరును మెరుగుపరిచారు. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ కోసం వెయ్యిమందికి పైగా మహిళల నుంచి శానిటరీ నాప్‌కిన్ల మీద అభిప్రాయాలు సేకరించారు. ఆ మాట పైకి అనడానికే సిగ్గుపడే రోజులవి.

ఫ్యాక్టరీ తలుపు మూసేస్తే ఆమె వంటింటి తలుపు తట్టారు. ఆడవాళ్ల పని అంటూ నలుగురూ చిన్నచూపు చూసే వంటింటిని, ఆమె ఫ్యాక్టరీని చూసినంత గౌరవంగా చూశారు. 1927లో గృహిణి, ఆమె ఉద్యోగం గురించి ఏకంగా పుస్తకమే రాశారు. ఇంటిపనిని ఉద్యోగం అనడంలోనే ఉంది ఆమె ఆలోచన అంతా!

281 అడుగులు... 45 అడుగులు

బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ కంపెనీకి అప్పట్లో మేరీ డిల్లన్ అనే మహిళ అధ్యక్షురాలు. ఆమె కోరిక మీద లిలియన్ ఒక నమూనా వంటగది రూపొందించారు. 1929లో దాన్ని జనానికి చూపించారు. అందులో వింత యంత్రాలేమీ లేవు. పొయ్యి పక్కనే గట్టు. సరుకులు పైన, గిన్నెలు కింద. ఫ్రిజ్ ఒక్క అడుగు దూరంలో. చేతికందే చోట చక్రాల బల్ల. అంతే!

ఆ అమరికకు పరీక్ష కూడా పెట్టారు. స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ అనే పండ్ల కేకును మామూలు వంటింట్లో ఒకసారి, ఈ వంటింట్లో ఒకసారి చేశారు. పాత పద్ధతిలో 97 పనులైతే, కొత్త అమరికలో 64. నడవాల్సిన అడుగులు 281 నుంచి 45కి తగ్గాయి! అదే కేకు... తేడా అల్లా వస్తువులు పెట్టిన చోటులోనే.

తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలు కూడా ఆమె సలహాలు తీసుకున్నాయి. పొయ్యి, సింకు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చడానికి నాలుగువేల మందికి పైగా మహిళలను అడిగి తెలుసుకున్నారు. కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపు లోపలి అరలు ఆమె ఆలోచనలేనని చెబుతారు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఐబీఎం కంపెనీ ఆమె రూపొందించిన గృహిణి బల్లను ఉంచింది. ఇంటి లెక్కలు చూసుకోవడానికి ఆడవాళ్లకు కూడా ఒక బల్ల ఉండాలని ఎవరికి తోచింది చెప్పండి?

అందంగా వచ్చింది... అందరికీ ఒకే ఎత్తులో

అంతకుముందు అమెరికా పొయ్యిలు పొడుగు కాళ్ల మీద, పక్కన ఎత్తుగా ఓవెన్‌తో ఉండేవి. 1930ల నుంచి గట్టుతో సమానంగా ఒదిగిపోయే పొయ్యిలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఎలక్ట్రిక్ రేంజిలు జోరందుకున్నాయి. కింద ఓవెన్, పైన నాలుగు చుట్టలు. విద్యుత్ తీగ లోహపు గొట్టంలో భద్రంగా ఉండి ఎర్రగా కాలుతుంది. మంట లేదు, పొగ లేదు, మసి లేదు. కాకపోతే చుట్ట నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగా చల్లారుతుంది. అందుకే తెలిసిన ఇల్లాళ్లు ముందే స్విచ్ ఆపేసి మిగిలిన వేడితోనే వంట ముగించేవారు. 1940ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ బటన్లు నొక్కే రేంజిలు తెచ్చింది. గులాబీ, పసుపు, లేతాకుపచ్చ రంగులతో వంటిళ్లు మెరిసిపోయాయి. 1959లో మాస్కోలో జరిగిన అమెరికా ప్రదర్శనలో నిక్సన్, కృశ్చేవ్ వాదులాడుకున్నది కూడా ఇలాంటి పసుపు రంగు వంటింటి ముందే!

అదే కాలంలో ఇల్లినాయిస్ యూనివర్సిటీ వాస్తుశిల్పులు పొయ్యి, సింకు, ఫ్రిజ్‌లను కలిపే త్రికోణం సూత్రానికి రూపమిచ్చారు. మూడు వైపులూ కలిపి 26 అడుగులు దాటకూడదంటారు. అడుగులు తగ్గించాలన్న లిలియన్ ఆలోచనే దానికి పునాది.

కానీ ఆమె చెప్పిన రెండో మాటను పరిశ్రమ పక్కన పెట్టేసింది. గట్టు మనిషికి తగ్గట్టుండాలని ఆమె అంటే, కంపెనీలు 36 అంగుళాలని తేల్చేశాయి. ఒకే అచ్చులో లక్షలు తయారుచేయడం వాళ్లకు తేలిక. పొట్టివాళ్లు భుజాలు ఎత్తుకుని, పొడుగువాళ్లు నడుము వంచుకుని ఆ ఎత్తుకే సర్దుకుపోయారు. పైగా రేంజిలొచ్చినంత మాత్రాన ఆడవాళ్ల పనిగంటలు తగ్గలేదని చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన పుస్తకంలో చూపించారు. పనిమనుషులు, ఇంట్లో మగవాళ్లు, పిల్లలు చేసే పనులు కూడా ఇల్లాలి నెత్తినే పడ్డాయట!

గుండె జబ్బు ఉన్న ఇల్లాలికి

లిలియన్ 1935లో పర్డ్యూ యూనివర్సిటీ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమే. 1940లలో గుండె జబ్బు ఉన్న స్త్రీల కోసం ప్రత్యేకంగా వంటగది రూపొందించారు. కూర్చుని పని చేసుకోవచ్చు. వంగక్కర్లేదు, పైకి చాచక్కర్లేదు. వికలాంగులైన గృహిణులు ఎవరిమీదా ఆధారపడకుండా ఇల్లు నడుపుకోవడానికి మార్గాలు చూపారు.

మరి ఆమె సొంత ఇంట్లో? అత్తగారు, వంటమనిషే వండేవారు. పిల్లలు పెద్దయ్యాక ఆ ఇంటి కబుర్లతో 1948లో రాసిన చీపర్ బై ద డజన్ పుస్తకం దేశమంతా చదివింది. 1950లో సినిమాగా కూడా వచ్చింది. 1965లో అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికైన మొదటి మహిళ ఆమే. 1972 జనవరి 2న, తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. 1984లో ఆమె బొమ్మతో తపాలాబిళ్ల వచ్చింది.

కొత్త ఇల్లు కట్టుకుంటున్నా, వంటగది మార్పిస్తున్నా గట్టు ఎత్తు మేస్త్రికి వదిలేయకండి. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. కూరలు తరిగే గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి. స్టవ్ ఎత్తు, దానిమీద గిన్నె ఎత్తు కలుస్తాయి కాబట్టి స్టవ్ పెట్టే చోటు ఇంకాస్త దిగువగా ఉంటే మేలు. ఆ ఇంట్లో వండేవాళ్లెవరో వాళ్లనే నిలబెట్టి కొలవండి. లిలియన్ చేసిందీ అదే.