వాల్డెమార్ హాఫ్కిన్

వాల్డెమార్ హాఫ్కిన్ (మార్చి 15, 1860 - అక్టోబరు 26, 1930) కలరా, ప్లేగు వ్యాధులకు టీకాలు రూపొందించి భారతదేశంలో వాటిని ప్రవేశపెట్టిన శాస్త్రవేత్త. టీకా భద్రతపై చెలరేగిన ఒక వివాదం కారణంగా ఈయన పదవిని కోల్పోయాడు.

తొలి జీవితం

ఈయన రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో (నేటి ఉక్రెయిన్) ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మెచ్నికోవ్ వద్ద చదివి, తరువాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరాడు. 1892లో తాను తయారుచేసిన కలరా టీకాను మొదట తన శరీరంపైనే ప్రయోగించుకున్నాడు.

భారతదేశంలో

1893లో కలకత్తా చేరి అక్కడి బస్తీలలో కలరా టీకాలు వేశాడు. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించగా, అక్కడి గ్రాంట్ వైద్య కళాశాలలో ప్లేగు క్రిములను పెంచి, వేడితో చంపి టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న దానిని మొదట తానే వేసుకున్నాడు. అనంతరం బైకుల్లా కారాగారంలో ఇష్టపడిన ఖైదీలకు వేసి, వేయించుకోని వారితో పోల్చి చూడగా, టీకా పొందినవారిలో వ్యాధి తక్కువగా కనిపించింది. కొత్త మందుపై ప్రజలలో అనుమానాలున్న ఆ రోజులలో మూడవ ఆగాఖాన్ బహిరంగంగా టీకా వేయించుకుని ఈయనకు అండగా నిలిచాడు.

ముల్కోవాల్ దుర్ఘటన

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. వారిలో ఒకే సీసాలోని మందు పొందిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. విచారణ సంఘం బొంబాయి ప్రయోగశాలను తప్పుపట్టింది. అయితే ఆ సీసా తెరవడానికి వాడిన పటకారు నేలపై పడిందని, దానిని సరిగా శుద్ధి చేయకుండానే మళ్ళీ వాడారని సాక్ష్యాలలో వెల్లడైంది. ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉంటాయి. సికింద్రాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రోనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రవేత్తలు 1907లో లండన్ టైమ్స్ పత్రిక ద్వారా హాఫ్కిన్ నిర్దోషి అని వాదించారు. అదే సంవత్సరం ప్రభుత్వం ఈయనపై నిందను తొలగించింది.

చివరి సంవత్సరాలు, ప్రాముఖ్యత

తరువాత ఈయన కలకత్తాలో పనిచేసి పదవీ విరమణ చేశాడు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఈయన పేరు పెట్టారు. స్విట్జర్లాండులోని లోసాన్‌లో మరణించాడు.

టీకా తరువాత హాని జరిగినప్పుడు, లోపం మందులో ఉందా, వేసిన విధానంలో ఉందా, లేక అది యాదృచ్ఛికమా అని విడదీసి పరిశీలించవలసిన అవసరాన్ని ముల్కోవాల్ ఘటన తెలుపుతుంది. 2019 మార్చిలో హైదరాబాదులోని నాంపల్లిలో, టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్రలకు బదులు పొరపాటున ట్రమడాల్ మాత్రలు ఇవ్వడంతో పలువురు అస్వస్థులయ్యారు, మరణాలూ సంభవించాయి. అక్కడ కూడా మొదటి అనుమానం టీకాపైకే వెళ్ళింది.